ఓటు పిల్లలది, మాస్టారి రుణం నాది: ఏం చేయను?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయిని రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది. అందుకని సారాంశం నా మాటల్లో చెప్పి, అవసరమైన చోట ఆమె మాటల్ని అలాగే ఉంచుతున్నాను.

పాఠాలతో పాటు బడి లైబ్రరీ బాధ్యత కూడా ఆమెదే. పిల్లలు కథల పుస్తకాలు అడిగి మరీ తీసుకెళ్తున్నారు. జంతువులు, నదులు, యంత్రాలు, చరిత్ర, మన ఒంట్లో జరిగే పనులు, ఇలాంటి వాటి గురించి ఉన్న పుస్తకాలు మాత్రం బీరువాలోంచి కదలడం లేదు. పిల్లలే చదివి, పిల్లలే ఓటేసి, ఏటా ఒక నాన్ ఫిక్షన్ (కల్పన కాని) పుస్తకానికి బహుమతి ఇస్తే ఎలా ఉంటుందని ఆమెకు అనిపించింది. పోయిన నవంబరులో ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లతో చిన్నగా చేసి చూశారు. ఆరు పుస్తకాలు, 64 మంది పిల్లలు, చీటీల మీద రహస్యంగా ఓటు. పిల్లలు దానికి 'నిజం పుస్తకాల బహుమతి' అని పేరు పెట్టుకున్నారు. పాముల మీద ఉన్న బొమ్మల పుస్తకానికి 31 ఓట్లు వచ్చాయి. మన జిల్లా చరిత్ర, విశేషాల గురించిన పుస్తకానికి వచ్చినవి మూడు.

ఆ మూడు ఓట్ల పుస్తకం రాసింది ఆమె గురువుగారే. రిటైరైన తెలుగు మాస్టారు. హైస్కూల్లో ఆమెకు పాఠాలు చెప్పారు. తండ్రి పోయి చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే బీఈడీ ఫీజు ఆయనే కట్టారు. ఈ బహుమతి సంగతి విని, కాలం చేసిన తన భార్య పేరు మీద ఏటా ఇరవై వేలు ఇస్తానని తనంతట తానే ముందుకొచ్చారు. ఓట్ల లెక్క చూశాక ఆయన మాట మారింది. "పిల్లలకు రంగుల బొమ్మలు తప్ప ఏం కనిపిస్తాయమ్మా? వాళ్ల ఓటుకు సగం విలువ ఇద్దాం. మిగతా సగం పెద్దల కమిటీ మార్కులు వేస్తుంది. కమిటీ నేను చూసుకుంటాను" అన్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పుస్తకంలో ఒక తప్పును ఎనిమిదో తరగతి అమ్మాయి పట్టుకుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పెలికాన్లు సైబీరియా పక్షులని అందులో ఉంది. ఆ అమ్మాయి వచ్చి, "ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే గుడ్లెట్టి, ఇక్కడే పిల్లల్ని పెంచుతాయి కద మేడమ్, మరి సైబీరియా వాటి ఊరెలగవుద్ది?" అని అడిగింది. ఆ సంగతి మాస్టారికి ఇంకా తెలియదు.

హెచ్ఎం గారి భయాలు వేరు. సిలబస్ వెనకబడుతుందని ఒకటి. ఓట్లంటే బడిలో పార్టీలు, వీధులు, కులాలు మొదలవుతాయని రెండోది. ఇంట్లో భర్త "ఆయన చెప్పినట్టు చెయ్యి, లేదంటే మొత్తం మానెయ్" అంటున్నారు. చివరికి ఆమె అడిగింది ఇది: "మాస్టారి మాట కాదంటే విశ్వాసం లేనిదాన్నవుతాను. ఔనంటే పిల్లల ముందు తలెత్తుకోలేను. సగం సగం అనేది అంత తప్పా? పిల్లల ఓటు మీద నేనే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నానా?"

అమ్మా,

మీ ఉత్తరంలో నాలుగు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి: మాస్టారి డబ్బు, మాస్టారి పుస్తకం, మాస్టారికి మీరు పడ్డ రుణం, పిల్లల ఓటు. మొదటి మూడూ పెద్దవాళ్ల మధ్య వ్యవహారం. నాలుగోదానితో వాటికి సంబంధం లేదు. మీ ఫీజు ఆయన కట్టారు. ఆ రుణం మీది, ఎంత తీర్చుకున్నా తక్కువే. కానీ దాన్ని మీ పిల్లల ఓటుతో తీర్చడానికి వీల్లేదు. ఆ ఓటు మీ చేతిలోది కాదు కాబట్టి దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు మీకు లేదు. నా దగ్గర గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే. మిగతావన్నీ మీరు బేరీజు వేసుకుని తేల్చుకోవాల్సినవి.

మాస్టారి అభ్యంతరాన్ని ముందు చూద్దాం. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆయనలాగే అనుకునే మంచి ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. రంగుల బొమ్మల పుస్తకం, నున్నటి కాగితం, పెద్ద అక్షరాలు పిల్లల్ని లాగుతాయన్నది నిజమే. చిన్న అక్షరాలతో, నలుపు తెలుపు ఫొటోలతో కిక్కిరిసిన పుస్తకం ఎంత మంచిదైనా వెనకబడుతుంది. కానీ మీ పిల్లలు పాముల పుస్తకానికి ఎందుకు ఓటేశారో మీరే రాశారు, బహుశా దాన్ని మీరు పెద్దగా పట్టించుకోలేదు. ఒక అబ్బాయి ఓటు చీటీ వెనక రాసింది మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం: "కట్లపాము కరిస్తే నొప్పి తెలీదంట. మా నాన్నకి చెప్పినాను. తోటలో కాపలాకెళ్తే నేల మీద పడుకోడం మానేసినాడు."

ఈ అబ్బాయి రంగులు చూసి ఓటేశాడని ఎవరనగలరు? మన దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ భాగానికి కారణం నాలుగు రకాలు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది, కాటు తెలియకపోవచ్చు. జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్న ఊళ్లో పెరిగే పిల్లవాడికి ఇంతకన్నా కావలసిన విషయం ఏముంటుంది? వాడు చదివాడు, నమ్మాడు, ఇంటికి మోసుకెళ్లాడు, తండ్రి చేత ఒక అలవాటు మాన్పించాడు. ఒక పుస్తకం మంచిదో కాదో తేల్చడానికి పెద్దల కమిటీ దగ్గర ఇంతకన్నా మంచి కొలత ఉంటుందనుకోను. ఆ చీటీ పారేయకండి. మాస్టారికి కూడా చూపించండి, వాదనకు సాక్ష్యంగా మాత్రం కాదు. ఆయన ఉపాధ్యాయుడు, చూస్తే సంతోషిస్తారు.

మీరు పిల్లల్ని ఎక్కువ నమ్ముతున్నారా అని అడిగారు. ఇలాంటివి వేరే చోట్ల ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 1988 నుంచి పిల్లల సైన్సు పుస్తకాలకు బహుమతి ఇస్తోంది. పద్నాలుగేళ్ల లోపు వాళ్ల కోసం రాసిన పుస్తకాలకే. అక్కడ పెద్దల పని చిన్న జాబితా తయారు చేయడం వరకే. అందులోంచి ఒకదాన్ని ఎన్నుకునేది బడుల్లోని పిల్లల బృందాలు. సైన్సులో అంత పేరున్న సంస్థ చివరి మాట పిల్లలకు వదిలేసింది. కెనడాలో ఆంటేరియో రాష్ట్రంలో ఫారెస్ట్ ఆఫ్ రీడింగ్ అని 1994లో మొదలుపెట్టారు. అందులో నాన్ ఫిక్షన్‌కు విడిగా విభాగం ఉంది. జాబితాలో పది పుస్తకాలుంటే కనీసం ఐదు చదివిన పిల్లలకే ఓటు. నాకు బాగా నచ్చింది ఈ నియమం. 'పిల్లలకేం తెలుసు' అన్న ప్రశ్నకు ఇదే సరైన జవాబు. చదివిన వాళ్లకు తెలుసు, చదవని వాళ్లకు ఓటు లేదు.

పెద్దలు తేల్చే బహుమతులు మనకు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాలు ఇస్తోంది, తెలుగుకూ ఇస్తోంది. అవి ఉండాలి. మీ బడిలో మళ్లీ అలాంటిదే ఇంకోటి ఎందుకు?

ఇక మీ ముందున్న దారులు. మొదటిది మాస్టారు చెప్పిన సగం సగం. దీన్ని పాపంగా చూడనక్కర్లేదు. పెద్దలకు సగం మార్కులుండే బహుమతులు ఎన్నో ఉన్నాయి, నిజాయితీగానే నడుస్తాయి. కాకపోతే దాన్ని పిల్లల బహుమతి అని పిలవకూడదు. 'మా బడి బహుమతి' అనండి, సగం మార్కులు పెద్దలవని మొదటి రోజే పిల్లలకు చెప్పండి. ఇలా చేస్తే డబ్బు నిలుస్తుంది, మాస్టారితో మాట పట్టింపు రాదు. పోయేది కూడా తెలుసుకోండి. పిల్లలు ఒక పుస్తకానికి 31 ఓట్లు వేసి, పెద్దల మార్కులు కలిశాక మూడు ఓట్ల పుస్తకం గెలిచిన రోజున ఆ అరవై నలుగురికీ లెక్క అర్థమవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడికలు వచ్చు. మరుసటి ఏడాది చదవకుండానే చీటీ వేస్తారు, లేదా మీ ముఖం చూసి, మీకు ఏది ఇష్టమో కనిపెట్టి అదే వేస్తారు. పైగా పోటీలో తన పుస్తకం ఉండగా కమిటీకి ఆయనే పెద్దగా ఉండడం ఎలా చూసినా కుదరదు. ఇది పిల్లలకే కాదు, ఆయన పేరుకు కూడా మంచిది కాదు. రేపు ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. జీవితమంతా మచ్చ లేకుండా పనిచేసిన మనిషికి ఈ వయసులో ఆ మాట రానివ్వకండి.

రెండోది రాయల్ సొసైటీ పద్ధతి. జాబితా పెద్దలది, ఓటు పిల్లలది, మధ్యలో గీత. ఈ పద్ధతిలో మాస్టారికి నిజమైన పని ఉంటుంది. పుస్తకాలు తెప్పించడం, భాష సరిగా ఉందా, పిల్లలకు అందుతుందా అని చూడడం, విషయం సరైనదేనా అని మీతోనూ సోషల్ టీచర్‌తోనూ కలిసి సరిచూడడం. ఒక్కటే షరతు: జాబితా వేసేవాళ్లవీ డబ్బు ఇచ్చేవాళ్లవీ పుస్తకాలు పోటీలో ఉండవు. దీన్ని ఆయన గురించి పెట్టినట్టు కాకుండా అందరికీ వర్తించే నియమంగా కాగితం మీద రాయండి. రేపు మీరే ఒక పుస్తకం రాస్తే మీకూ ఇదే నియమం. ఆయన ముందు రెండు దారులుంటాయి. దాతగా, జాబితా పెద్దగా ఉంటారా, లేక రచయితగా పోటీలో ఉంటారా? రెండూ గౌరవమైనవే, రెండూ ఒకేసారి కుదరవు. ఏది కావాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. రచయితగా ఉంటానంటే మీకు ఇరవై వేలు పోతాయి, ఆ సంగతి కూడా ముందే మనసులో పెట్టుకుని మాట్లాడండి.

మూడో దారి డబ్బు లేకుండా చేయడం. మీరు అనుకుంటున్నంత కష్టం కాదు. జాబితాలో ఎనిమిది పుస్తకాలు, ఒక్కోటి ఐదు కాపీలు, వంద రూపాయల చొప్పున వేసుకుంటే నాలుగు వేలు. బ్యాలెట్ కాగితాలు రాసుకోవచ్చు. గెలిచిన రచయితకు నగదు ఇవ్వాలని ఎక్కడా లేదు. పిల్లల పుస్తకం రాసిన మనిషికి అరవై మంది పిల్లలు తలా ఒక పోస్టుకార్డు రాసి పంపితే, అందులో ఒకడు 'మా నాన్న నేల మీద పడుకోవడం మానేశాడు' అని రాస్తే, ఆ కట్టను వాళ్లు ఏళ్ల తరబడి దాచుకుంటారు. ఈ దారిలో మీ చేతులకు ఏ కట్టూ ఉండదు. అయితే మాస్టారు తన భార్య పేరు మీద ఏదో చేయాలనుకున్న కోరికను మీరు తోసిపుచ్చినట్టవుతుంది. అది ఆయనకు పుస్తకానికి ఓట్లు రానిదానికన్నా ఎక్కువ తగులుతుందని నా అనుమానం.

అందుకే రెండు, మూడు దారులు కలిపి ఆలోచించమంటాను. ఆయన డబ్బు బహుమతికి కాకుండా పుస్తకాలకు ఇవ్వమని అడగండి. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద అమ్మగారి పేరుతో చిన్న ముద్ర. బహుమతి అయితే ఏడాదికి ఒక్కరోజు ఆవిడ పేరు చదువుతారు. పుస్తకాల మీద పేరుంటే ఏడాది పొడుగునా పిల్లలు ఆ పేరు చూస్తూ పేజీ తిప్పుతారు. శ్రీకాకుళంలోనే మనకు ఒక పెద్ద ఉదాహరణ ఉంది. కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, తనకు వచ్చిన అవార్డుల సొమ్ము పెట్టి 1997లో కథానిలయం మొదలుపెట్టారు. అది తన కథల కోసం కట్టుకున్నది కాదు, తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట దొరకాలని కట్టింది. మీ మాస్టారు కూడా అదే జిల్లా గాలి పీల్చిన తెలుగు మాస్టారు. ఈ మాట ఆయనకు కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు, గుర్తు చేస్తే చాలు. డబ్బు ఎలా వచ్చినా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ద్వారా, రసీదుతోనే రావాలి. మీ సొంత ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి.

ఆయనతో ఎలా మాట్లాడాలన్నది మీకు అన్నిటికన్నా టెన్షన్‌గా ఉందని అర్థమవుతోంది. ఫోన్‌లో వద్దు. ఇంటికి వెళ్లండి, ఒక్కరే వెళ్లండి. మీ హెచ్ఎం గారిని తీసుకెళ్తే పంచాయితీ అనిపిస్తుంది. కొత్త జాబితా వేయకముందే వెళ్లాలి. జాబితా వేశాక వెళ్తే ఆయన్ను తీసేసి చెప్పడానికి వచ్చినట్టుంటుంది. మూడు ఓట్ల ప్రస్తావన మీ నోటి నుంచి రాకూడదు, ఆయన తెస్తే కూడా "అది మేం సరిగా చేయలేదు మాస్టారూ, అన్ని పుస్తకాలూ సమానంగా చదివించలేదు" అనండి. అది ముఖస్తుతి కూడా కాదు. మీ ఉత్తరాన్ని బట్టి పాముల పుస్తకం నాలుగు కాపీలు, ఆయన పుస్తకం ఒకే కాపీ ఉన్నాయి. ఒకే కాపీ ఉన్న పుస్తకానికి 64 మందిలో ఓట్లు ఎలా వస్తాయి? ఆ లెక్కన ఆ మూడు ఓట్లు ఆయన పుస్తకం మీద తీర్పు కానే కాదు. ఈ ముక్క వింటే ఆయన మనసు సగం కుదుటపడుతుంది.

తర్వాత నియమం చెప్పండి, మీ నిర్ణయంగా చెప్పండి. "మీరేమంటారు మాస్టారూ" అని అడిగితే ఆయన కాదంటారు, మీరు ఇరుక్కుంటారు. "ఇలా అనుకున్నాను, మీకు చెప్పకుండా చేయలేక వచ్చాను" అంటే ఆయన బాధపడినా పక్కన పెట్టేశారని అనుకోరు. బాధపడతారు, అది తప్పదు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ కొన్నాళ్లూ మీరు మాత్రం మానకండి, పండక్కి వెళ్లండి, ఆరోగ్యం కనుక్కోండి. విశ్వాసం అంటే ఇదే కదమ్మా, ఆయన చెప్పిన ప్రతిదానికీ తలూపడం కాదు.

సైబీరియా సంగతి దీనితో కలపకండి. ఇంకో రోజుకు ఉంచండి. పైగా ఆ తప్పు మాస్టారు ఒక్కరిదే కాదు, చాలా చోట్ల చాలామంది రాసేస్తుంటారు. తేలినీలాపురం వచ్చే పెలికాన్, మన గూడబాతు, దక్షిణాసియా పక్షి. శీతాకాలంలో వచ్చి, చెట్ల మీద గూళ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి వెళ్తుంది. వలస అంటే ప్రతిసారీ మంచుదేశాల నుంచే రావాలని లేదు, చెరువుల్లో చేప దొరికే చోటు వెతుక్కుంటూ దేశంలోపలే తిరిగే పక్షులు బోలెడు. మీ అమ్మాయి ఏ పుస్తకం చూడకుండా, గూడు ఎక్కడుందో అక్కడి నుంచి ఆలోచించి పట్టుకుంది. ఎంత మంచి బుర్ర! కథ చదివిన పిల్ల బాగుంది, బాలేదు అంటుంది. ఈ నిజం పుస్తకాలు చదివిన పిల్ల 'ఇది నిజమేనా' అని అడగగలదు. మీరు ఇంత శ్రమ పడేది ఆ ప్రశ్న కోసమే అనుకుంటాను. కాబట్టి ఆ అమ్మాయి నోరు మూయించకండి, అలాగని ఆమెను మాస్టారి ముందు నిలబెట్టి తప్పు చదివించకండి. రచయిత గారికి ఒక ఉత్తరం రాయమనండి, తప్పు రాశారని కాకుండా తనకు వచ్చిన సందేహం అడుగుతూ. ఆమె రాసిన భాష మీరు దిద్దకండి. మీ మాస్టారు తెలుగు మాస్టారు, పిల్ల రాసిన ఉత్తరానికి జవాబివ్వకుండా ఉండలేరు.

ఆయన పుస్తకం గురించి నా మాట ఒకటి. మీరు రాసిన దాన్ని బట్టి రెండు వందల పేజీలు, చిన్న అక్షరాలు, రాజుల వంశాలు, ఆలయాలు, సాగునీటి లెక్కలు అన్నీ ఉన్నాయి. అది పెద్దలకు పనికొచ్చే మంచి పుస్తకం, పిల్లల పుస్తకం కాదు. అదే మనిషి పొందూరు ఖద్దరు ఒక్కదాని మీద ఇరవై నాలుగు పేజీలు రాస్తే? నేతకు వాడే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారంటే ఏ పిల్లాడు వదులుతాడు? బొబ్బిలి వీణ ఒకే పనస దుంగ నుంచి ఎలా తొలుస్తారో బొమ్మలతో చెబితే? ఆయనకు తెలిసినవి అవన్నీ. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు. పిల్లల దగ్గర కూర్చుని, వాళ్లకు ఏం అర్థమైందో చూసి తిరగరాయడం మన జిల్లా పంతుళ్లకు నామోషీ కాదు. ఇష్టపడితే మీ ఎనిమిదో తరగతిని ఆయనకు తొలి పాఠకులుగా ఇవ్వండి. అప్పుడు ఆయన దాతగా తప్పుకుని పోటీకి రావచ్చు.

తెలుగులో పుస్తకాలు దొరకవన్న మీ బెంగ సగమే నిజం. ఏ ఏటికి ఆ ఏడు కొత్త నాన్ ఫిక్షన్ ఎనిమిది దొరకడం కష్టం, కాబట్టి 'ఈ ఏడాది వచ్చినవి' అనే నియమం పెట్టకండి. గత పదేళ్లలో వచ్చినవి అనండి, అనువాదాలకు కూడా చోటివ్వండి. గెలిచింది అనువాదమైతే పిల్లల కార్డుల్లో సగం అనువాదకులకు వెళ్లాలి, మన దగ్గర వాళ్లను ఎవరూ తలుచుకోరు. నేషనల్ బుక్ ట్రస్ట్, జన విజ్ఞాన వేదిక, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వాళ్ల జాబితాలు తెప్పించుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి, వాటిని ప్రింటు తీసుకుని వాడుకోవడానికి అనుమతి ఉంది. డబ్బు దారి మూసుకుపోతే అదొక్కటే చాలు మొదటి ఏడాదికి. మీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో కూడా అడగండి.

హెచ్ఎం గారి రెండు భయాల్లో సిలబస్ భయం తేలిక. పదో తరగతిని ఇందులోంచి పూర్తిగా తీసేయండి, ఆయన అక్కడే సగం మెత్తబడతారు. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో జాబితా ప్రకటించి, ఫిబ్రవరి 28 సైన్స్ డే నాడు ఓటు పెట్టండి. మధ్యలో సంక్రాంతి సెలవులకు ప్రతి పిల్లా ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలి. ఆ రెండు రోజులూ బడిలో ఎలాగూ ఏదో ఒకటి చేస్తారు, కొత్తగా పీరియడ్లు అడగనక్కర్లేదు.

పార్టీల భయం మాత్రం నిజమైనది, దాన్ని కొట్టేయకండి. బెంచీ లీడరు చెప్పినట్టు, వీధి పెద్దపిల్లాడు చెప్పినట్టు ఓట్లు పడడం పిల్లల్లోనూ ఉంటుంది. దానికి మందు ఓటు తీసేయడం కాదు, పద్ధతి గట్టిగా పెట్టడం. చీటీ మీద పేరుండకూడదు. ఒక్కొక్కరే వెళ్లి అట్టపెట్టె వెనక గుర్తు పెట్టాలి. ఎనిమిదిలో నాలుగు చదివినట్టు లైబ్రరీ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకే చీటీ. చీటీ వెనక రెండు గీతలు గీసి ఖాళీ వదలండి: 'ఇందులో నీకు కొత్తగా తెలిసింది ఏమిటి?' చదవకుండా వేసినవాడు అక్కడ దొరికిపోతాడు, చదివినవాడు అక్కడ వికసిస్తాడు. లెక్కింపు పిల్లల ముందే, బోర్డు మీద. లెక్కించే వాళ్లలో ఇద్దరు పిల్లలు కూడా ఉండాలి. సోషల్ టీచర్‌కు ఎన్నికల పాఠం ఎలాగూ చెప్పాలి, ఆయన్ను ఎన్నికల అధికారిగా పెట్టండి, ఉత్సాహంగా చేస్తారు. ఉపాధ్యాయులెవరూ ఓటుకు ముందు తమకు ఏ పుస్తకం ఇష్టమో చెప్పకూడదు. మీరు కూడా. ఇది మీకే అందరికన్నా కష్టమవుతుందేమో, పాముల పుస్తకం మీద మీకున్న ఇష్టం ఉత్తరంలోనే కనబడుతోంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా పిల్లలు మీకు నచ్చని పుస్తకాన్ని ఎన్నుకోవచ్చు. ఎన్నుకోనివ్వండి. జాబితాలో ఉన్న ఎనిమిదీ విషయం సరిచూసినవే అయినప్పుడు ఏది గెలిచినా నష్టం లేదు. మీ కష్టమంతా జాబితా వేసేటప్పుడే పడాలి, ఓటు రోజున మీకు పనుండకూడదు.

మండలంలోని మిగతా హైస్కూళ్లను కూడా కలపాలన్న మీ ఆలోచన బాగుంది, కానీ మొదటి ఏడాది వద్దు. మీ బడి వరకైతే హెచ్ఎం గారి అనుమతి చాలు. ఐదు బళ్లంటే విద్యాశాఖ అధికారుల దగ్గర అనుమతి కాగితం కావాలి, ప్రతి బడికీ పుస్తకాల సెట్టు కావాలి, లెక్కింపు ఒక పద్ధతిలో జరగాలి. ఒక ఏడాది మీ దగ్గర నడిపి, రిజిస్టరూ చీటీలూ జాగ్రత్త చేసి, వాటిని పట్టుకుని ఆ అధికారుల దగ్గరికి వెళ్లండి. మీ మాస్టారు అప్పటికి జాబితా పెద్దగా మీతో ఉంటే ఆయన్నే ముందు నడవమనండి. ఆ ఆఫీసులో మీ మాటకన్నా ఆయన మాటకు తొందరగా పని జరుగుతుంది.